బడి గడప ముందు మన కథ

తెలంగాణ నవలను గురించి ఎవరం రాసినా గడీతో మొదలుపెడతాం. గడీ, దొర, వెట్టి, సంఘం, తుపాకి: ఈ వరుస మనకు కంఠతా వచ్చు. అందులో తప్పేమీ లేదు. నల్లగొండ నేలమీద ఆ వరుసను జనం నెత్తురు పెట్టి రాశారు. అయితే ఊళ్ళో గడీ ఒక్కటే ఉండదు కదా. చావడి ఉంటుంది, గుడి ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు వాటి పక్కన బడి వెలుస్తుంది. గడీ తలుపు ఎవరిమీద మూసుకున్నదో మన రచయితలు చెప్పారు. బడి తలుపు ఎవరిమీద మూసుకున్నదో, దాన్ని ఎవరు తోసుకుని లోపలికి వచ్చారో చెప్పినవాళ్ళు తక్కువ. విమర్శకులం అడిగినవాళ్ళం ఇంకా తక్కువ. ఆ లెక్కలో నేనూ ఉన్నాను.

నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఉన్న ఊళ్ళలో నా ఉద్యోగం సగం గడిచింది. ఎం.ఏ.లో భూస్వామ్య వ్యతిరేకత, వర్గచైతన్యం, సాంఘిక వాస్తవికత అన్నీ చదువుకున్నాను, పరీక్షల్లో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఈ ప్రశ్న మాత్రం నాకు విశ్వవిద్యాలయంలో తట్టలేదు. నా తరగతి గది వాకిట్లో నిలబడి ఒక తండ్రి అడిగితే తట్టింది.

ఏళ్ళ కిందటి మాట. స్కాలర్‌షిప్పు ఫారాలు వచ్చాయి. ఆ పూట పని త్వరగా తెమల్చుకోవాలన్న తొందరలో ఎనిమిదో తరగతిలోకి పోయి, "ఎస్సీ పిల్లలందరూ లేచి నిలబడండి" అన్నాను. లేచారు. లెక్కపెట్టుకున్నాను, కూర్చోమన్నాను. అంతే జరిగింది. మరునాడు పొద్దున ప్రార్థన కాకముందే ఒకాయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "సారూ, మా పిలగానికి పేరు లేదా? హాజరు పుస్తకంల ఉన్నది గద. పేరు వెట్టి పిలిస్తే పలకడా?" అన్నాడు. గొంతు పెంచలేదు. నా జవాబు కోసం ఆగలేదు కూడా. పనికి ఆలస్యమవుతున్నదని వెళ్ళిపోయాడు.

ఆ మనిషిని మన సాహిత్యంలో వెతకడం మొదలుపెట్టాను. బిడ్డ కోసం బడి దాకా వచ్చి, పంతులు ముందు నిలబడి, ఇది కుదరదని చెప్పే తండ్రి. లేదా తల్లి. అలాంటి మనిషి మన కథల్లో ఎక్కడున్నాడు?

మొదట ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) దగ్గరికి పోవాలి. తెలుగు నవలను ఊరవతలికి నడిపించిన పుస్తకం అది. ప్రభుత్వం నిషేధించిందంటేనే దాని బలం తెలుస్తుంది. రామదాసు కుటుంబాన్ని అంత నిండుగా, అంత గౌరవంగా చిత్రించిన నవల అంతకుముందు లేదు. సంగదాసు పేరిట లేచే సంగపీఠంలో విద్యకు పెద్దపీట వేశారు. అయినా ఆ విద్య సంస్కర్త కన్న కల. ఊరి బడిలో చోటుకోసం వాడ చేసే పేచీ ఆ నవలకు కేంద్రం కాదు. రెండోది బోయి భీమన్న 'పాలేరు' నాటకం. అది ఎన్ని ఊళ్ళలో ఆడిందో, ఎంతమంది తల్లిదండ్రులకు పిల్లల్ని బడికి పంపాలన్న పట్టుదల కలిగించిందో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పాలేరు కుర్రవాడు ఒక ఉపాధ్యాయుడి ప్రోత్సాహంతో చదివి అధికారిగా ఎదిగే కథ అది. ఈ నాటకాన్ని చులకన చేసే ఉద్దేశం నాకు లేదు. ఒక నాటకం జనాన్ని కదిలించడమే మన కొలత అయితే, మనం మెచ్చుకునే చాలా నాటకాల కంటే అది పైమెట్టున ఉంటుంది. కాని అందులో తలుపు తెరిచే చెయ్యి ఎవరిదో గమనించండి. మంచి పంతులుది. ఆ పంతులు లేకపోతే కథ లేదు. మన అభ్యుదయ కథల్లో ఈ మంచి పంతులు ఎంత స్థిరపడిపోయాడంటే, నా వంటి పంతుళ్ళం ఆ కథలు చదువుకుని మనల్ని మనం మెచ్చుకోవడానికి అలవాటుపడ్డాం. చదువు దానంగా వచ్చినంతకాలం కథకు ఇబ్బంది లేదు. దాన్ని హక్కుగా అడిగే మనిషి వస్తేనే పంతులు పాత్ర ఇరుకున పడుతుంది.

ఈ ఇరుకు వేరేచోట కథగా ఎలా నిలిచిందో చెప్పడానికి కొంచెం దూరం పోతాను. 2014లో డంకన్ టొనాటియూ అనే మెక్సికన్ రచయిత పిల్లల కోసం బొమ్మలతో 'సెపరేట్ ఈజ్ నెవర్ ఈక్వల్' అనే పుస్తకం వేశాడు. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మినిస్టర్ అనే చిన్న ఊళ్ళో 1940లలో జరిగిన సంగతి. గొంజాలో మెండెజ్ మెక్సికో మనిషి, అతని భార్య ఫెలిసిటాస్ పోర్టరికో మనిషి. కౌలు సేద్యం చేసుకునేవాళ్ళు. ఆ పొలం అసలు ఒక జపనీయ కుటుంబానిది. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఆ కుటుంబాన్ని నిర్బంధ శిబిరానికి పంపితే వీళ్ళు కౌలుకు తీసుకున్నారు. ఒక అన్యాయం నీడలో నిలబడి ఇంకో అన్యాయం మీద పోరాడవలసి రావడం పేదల చరిత్రలో కొత్తేమీ కాదు. మేనత్త సొలేదాద్ తన పిల్లల్ని, మెండెజ్ పిల్లల్ని కలిపి ఊరి బడికి తీసుకుపోయింది. ఆమె పిల్లలు కొంచెం తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు మెక్సికన్ పేరులా వినపడలేదు. వాళ్ళకు చోటుందన్నారు. మెండెజ్ పిల్లలు మెక్సికన్ బడికి పోవాలన్నారు. ఆమె ఎవరినీ చేర్పించకుండా అందరినీ వెనక్కి తీసుకొచ్చింది. ఆ నడిచి వెనక్కి రావడంలోనే ఒక కథ ఉంది. మెక్సికన్ బడి పశువుల మేతబీడు పక్కన, ఈగల మధ్య.

మెండెజ్ దంపతులు మరో నాలుగు కుటుంబాలతో కలిసి 1945 మార్చిలో నాలుగు విద్యా జిల్లాల మీద దావా వేశారు. కోర్టులో అధికారులు చెప్పిన కారణాలు వింటే మన ఉపాధ్యాయుల గదిలో కూర్చున్నట్టే ఉంటుంది. ఆ పిల్లలకు భాష రాదు, శుభ్రత లేదు. వాళ్ళకు విడిగా చెప్పడమే వాళ్ళకు మంచిది. పద్నాలుగేళ్ళ కారొల్ టోరెస్ అనే అమ్మాయి సాక్షిగా బోనెక్కి చక్కని ఇంగ్లీషులో జవాబులిచ్చింది. భాష రాదన్న వాదం అక్కడే చతికిలబడింది. 1946 ఫిబ్రవరిలో తీర్పు తల్లిదండ్రుల పక్షాన వచ్చింది. 1947 ఏప్రిల్‌లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఇంకొకటి కూడా చెప్పాలి. అప్పటి కాలిఫోర్నియా చట్టం ఆదివాసీ పిల్లలకు, ఆసియా పిల్లలకు వేరు బడులు పెట్టవచ్చనే అన్నది. మెక్సికన్ పిల్లల పేరు ఆ చట్టంలో లేదన్నది పై కోర్టు తీర్పుకు ఆధారాల్లో ఒకటి. ఆ తీర్పు తర్వాత అదే ఏడాది ఆ చట్టాన్ని కూడా రద్దు చేశారు. అంటే ఆ గెలుపు కూడా మచ్చలేనిది కాదు. అయినా 1954లో అమెరికా సుప్రీంకోర్టు నల్లపిల్లల వేరుబడులను కొట్టివేసిన తీర్పుకు దారి వేసిన వాటిలో ఇదొకటి.

దీనికంటే ముందే, 1931 జనవరిలో, అదే రాష్ట్రంలోని లెమన్ గ్రోవ్‌లో ప్రధానోపాధ్యాయుడు బడి వాకిట్లో అడ్డం నిలబడి మెక్సికన్ పిల్లల్ని వేరే కొట్టంలోకి పొమ్మన్నాడు. ఆ కొట్టాన్ని వాళ్ళు గుర్రపుశాల అన్నారు. డెబ్బై అయిదుమంది పిల్లలు అందులోకి పోకుండా ఇళ్ళకు తిరిగి వచ్చారు. తల్లిదండ్రులు సంఘం పెట్టుకుని, పిల్లల్ని బడికి పంపకుండా నిలిచి, కోర్టులో గెలిచారు. ఈ రెండు కథల్లోనూ మంచి పంతులు ముందు నడవలేదు. తల్లిదండ్రులే నడిచారు. ఇవాళ ఒక ఎనిమిదేళ్ళ పిల్ల ఆ కథను బొమ్మల పుస్తకంలో చదువుకోగలదు.

అదే 1931లో మన దగ్గర ఏం జరుగుతున్నది? దేవరకొండలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ రెండో సమావేశం, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలన్నది ఆ సభల ప్రధానమైన కోరికల్లో ఒకటి. న్యాయమైన కోరిక. ఉర్దూ మాధ్యమం కింద తెలుగు పిల్లవాడు పడిన యాతన చిన్నది కాదు, ప్రైవేటు బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి తెచ్చుకోవలసిన రోజులు. ఆ ఉద్యమం పుట్టుక కథ సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్‌లో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గేలి చేసింది. ఆ అవమానంలోంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. ఏ పరీక్షలో అడిగినా పిల్లలు చెబుతారు.

తొమ్మిదేళ్ళ తర్వాత జరిగిన రెండో అవమానం వాళ్ళకు తెలియదు. 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం. భాగ్యరెడ్డివర్మ మాట్లాడడానికి లేస్తే సనాతనులు కొందరు అభ్యంతరం పెట్టారు. పెద్దలు సర్దిచెబితే గాని ఆయన మాట్లాడలేకపోయారు. మొదటి సభలో తెలుగు మాట్లాడినందుకు గేలి. రెండో సభ తెలుగువాళ్ళదే, భాష తెలుగే, మాట్లాడే మనిషి మాత్రం కిట్టలేదు. మన సాహిత్య చరిత్రలు మొదటిదాన్ని పునాదిగా పెట్టుకుని రెండోదాన్ని దాటవేశాయి. భాష పేరుతో జరిగిన అవమానాన్ని జాతి అవమానంగా గుర్తుపెట్టుకున్న మనం, కులం పేరుతో జరిగినదాన్ని మధ్యలో వచ్చిన చిన్న గొడవగా వదిలేశాం. ఆ వదిలివేత మన విమర్శలోకి, మన కథలోకి కూడా దిగింది.

భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లి ప్రాంతాల్లో ఆదిహిందూ పిల్లలకు బడులు తెరిచారు. సర్కారు సొమ్ము లేదు, దొరల చందాల మీద ఆధారపడలేదు. వాడల్లో భజనలు, హరికథలు చెబుతూ బడులు నిలబెట్టారు. అవి ఇరవైకి పైగా పెరిగాయి, బోధన తెలుగులో. తెలుగు బడి కోసం మహాసభ తీర్మానాలు చేయడానికి ఇరవై ఏళ్ళ ముందే వాడ జనం తెలుగు బడి నడుపుతున్నారు. తెలుగు మాధ్యమ చరిత్ర రాసేవారు ఈ సంగతిని ఎందుకు మొదటి పుటలో పెట్టరు? 1931లో ఆయన 'భాగ్యనగర్' పత్రికలో 'వెట్టి మాదిగ' కథ కూడా రాశారు. అది చాలాకాలం మరుగున పడి ఈ మధ్యనే వెలుగులోకి వచ్చింది. తెలంగాణ కథకు తొలిమెట్లు చెప్పుకునేటప్పుడు నేనూ దాన్ని ఏళ్ళ తరబడి చెప్పలేదు. తెలియక చెప్పలేదనడం విమర్శకుడికి సాకు కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాలిఫోర్నియా తల్లిదండ్రులు వేరు బడి వద్దని పోరాడారు. భాగ్యరెడ్డివర్మ వేరు బడి కట్టారు. పైకి చూస్తే ఇవి ఎదురెదురు పనులు. మిత్రులు కొందరు ఇది చూసి ఆయనను సంస్కరణవాది అని పక్కకు నెట్టేయడం నేను విన్నాను. వేరు గది ఉన్నదా లేదా అన్న చోటే ఆగితే అలాగే తోస్తుంది. ఆ గది తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదో చూడాలి. గుర్రపుశాలలోకి పొమ్మని పంతులు చెప్పడం ఒకటి. లోపలికి రానివ్వని ఊళ్ళో మన పిల్లలకు మనమే పలక పట్టిస్తామని ఒక వాడ అనడం మరొకటి. రెండింటినీ ఒకే మాటతో కొలిచే విమర్శకు చరిత్ర తెలియదు.

ఇప్పుడు మన నేల నవలలకు వస్తాను. వట్టికోట ఆళ్వారుస్వామి మా నల్లగొండ జిల్లా మనిషి. వంటపని చేస్తూ చదువుకున్నవాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు ఊరూరా మోసినవాడు. చదువు విలువ ఆయనకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు. 'ప్రజల మనిషి' (1955)లో దేశ్‌ముఖు దౌర్జన్యం ఉంది, వెట్టి ఉంది, దళితుల మతమార్పిడులు ఉన్నాయి, వాటి చుట్టూ జరిగే రాజకీయం ఉంది. మతం మారిన మనిషి ఎందుకు మారాడో కోపం లేకుండా చూడగలిగిన నవల అది. అయినా, నా చదువులో, ఊరి బడి గడప దగ్గర నిలిచిపోయిన దళిత పిల్లవాడు గుర్తుండిపోయే దృశ్యంగా అందులో లేడు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' (1969) గడీ లోపలి కుళ్ళును బయటపెట్టింది. ఆ పనిలో దానికి సాటి లేదు. దాని చూపు కూడా గడీ వైపే. ఈ ఇద్దరినీ తప్పుపట్టడం లేదు. భూమి ప్రశ్న తేలితే బడి ప్రశ్న దానంతటదే తేలుతుందన్నది ఆ తరం నమ్మకం. ఆ నమ్మకంతోనే వాళ్ళు జైళ్ళకు పోయారు. భూమి ప్రశ్న సగంలో ఆగింది, బడి ప్రశ్న అట్లాగే మిగిలింది. తర్వాతి తరం విమర్శకులమైనా అడగవలసింది.

అడిగినవాళ్ళు వాడ నుంచే వచ్చారు. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చిన తర్వాత తెలుగు కవిత మారిపోయింది. గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చింది. మా జిల్లా నుంచి వేముల ఎల్లయ్య 'కక్క' నవల వచ్చింది. మాదిగ జీతగాని బతుకును నల్లగొండ మాదిగవాడ నుడిలోనే, ఎక్కడా సర్దుబాటు చేసుకోకుండా రాసిన పుస్తకం. మొదటిసారి చదివినప్పుడు నాకు కష్టమైంది. ఎం.ఏ. తెలుగు చదివిన నాకు, నా జిల్లా తెలుగు అర్థం కావడానికి రెండోసారి చదవవలసి వచ్చింది. అప్పుడు నాకు కారొల్ టోరెస్ బోనెక్కిన సంగతి మరోలా గుర్తుకొచ్చింది. ఆ అమ్మాయి దొరల భాష వచ్చునని రుజువు చేసి గెలిచింది. 'కక్క' ఆ పరీక్షకే ఒప్పుకోదు. నీ భాష నాకు వస్తుందా అని కాదు, నా భాష నీకు వస్తుందా అని పాఠకుణ్ణే బోనెక్కిస్తుంది. అక్కడక్కడ ఆ నుడి చిక్కబడి కథ నడక మందగిస్తుంది. అది నిజమే. కాని ఆ లోపం చూపించి పుస్తకాన్ని పక్కన పెట్టినవాళ్ళు, సంస్కృత సమాసాలు గుచ్చిన నవలలకు ఆ లోపం ఎన్నడూ పట్టలేదు.

నా ఎర్రకలం సంగతీ చెబుతాను. ఏడో తరగతి పిల్ల వ్యాసంలో "మా అవ్వ కైకిలి పోయింది" అని రాసింది. నేను 'అవ్వ' కొట్టివేసి 'అమ్మ' అని, 'కైకిలి పోయింది' కొట్టివేసి 'కూలికి వెళ్ళింది' అని దిద్దాను. ఆ అమ్మాయి దిద్దిన వాక్యాన్ని అయిదుసార్లు రాసుకొచ్చింది. చక్కని దస్తూరి. దాని తర్వాత ఆ పిల్ల వ్యాసాల్లో వాళ్ళవ్వ మళ్ళీ కనపడలేదు. వ్యాసాలన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉండేవి. భాష రాదు, శుభ్రత లేదు అన్న ఆ పాత రెండు మాటల్లో మొదటిదాన్ని నేను ఎర్రసిరాతో అమలు చేశాను.

ఇవాళ్టి సంగతి ఇంకా చిక్కు. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు, 1980ల నుంచి గురుకులాలు వచ్చాయి. 2014 తర్వాత తెలంగాణలో అవి బాగా పెరిగాయి. ఆ ఏడాదే మేలో గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. పాలమూరు నుంచి మేస్త్రీల వెంట వలసపోయే కుటుంబాల పిల్లలకు హాస్టలు లేకపోతే చదువే లేదు. తల్లిదండ్రులతో పాటు పనిచోటికి పోయి ఇటుకలు లెక్కపెట్టవలసిందే. హాస్టలు అన్నం మీద, పురుగుల మీద రాసిన కథలు మనకున్నాయి. అవి కావాలి. హాస్టల్లో మొదటిసారి తనకంటూ ఒక పెట్టె, ఆ పెట్టెకు తాళం దొరికిన పిల్ల సంతోషం మీద కథలు తక్కువ. జాలి రాయడం మనకు సులువు.

మరి ఊరి బడి ఏమైంది? పొద్దున్నే పచ్చరంగు బస్సు ఊరి నడిమికి వస్తుంది. పట్టా భూమి, నౌకరీ, కల్లు సొసైటీ, కిరాణం, ఏదో ఒక ఆధారం ఉన్న ఇంటి పిల్లలు టై కట్టుకుని అందులో ఎక్కుతారు. మిగిలినవాళ్ళు నా బడికి వస్తారు. ఎక్కువ భాగం మాల మాదిగ పిల్లలు, లంబాడా పిల్లలు, వెనుకబడిన కులాల్లో మరీ పేదవాళ్ళ పిల్లలు. ఎవరూ వాకిట్లో అడ్డం నిలబడలేదు, ఎవరూ కొట్టంలోకి పొమ్మనలేదు. ఫీజు ఆ పని చేసింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నాలుగోవంతు సీట్లు పేదలకివ్వాలన్నది. మన దగ్గర అది ఏళ్ళ తరబడి అమలుకు నోచలేదు. దావా వేయాలంటే ఎవరిమీద వేయాలి? తలుపు మూసినవాడు కనపడడు. నా బడికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు కూడా అప్పు దొరికితే బస్సు ఎక్కించాలనే చూస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు, నా పిల్లలూ బస్సులోనే పోయారు. ఈ వేరు బడి మన కథకు ఇవాళ్టి వస్తువు. పాత గడీ కథల అచ్చులో ఇది ఇమడదు. ఇందులో దొర లేడు, దుర్మార్గుడైన పంతులు లేడు, ఆదుకునే మంచి పంతులూ అక్కరకు రాడు. బస్సు కిటికీలోంచి చూసే పిల్లవాడు, మట్టిరోడ్డు పక్కన నడిచే పిల్లవాడు, వాళ్ళిద్దరూ నిన్నటిదాకా ఒకే చెరువులో ఈతకొట్టిన సంగతి ఉన్నాయి. అక్కడినుంచి కథ ఎటు పోతుందో నేను చెప్పలేను. రాసే మిత్రులు తేల్చుకోవాలి.

వాకిట్లో నిలబడి అడిగిన ఆ తండ్రి మళ్ళీ బడికి రాలేదు. నేనూ ఆయన ఇంటికి పోలేదు. ఆ వారం ఫారాలు పంచేటప్పుడు ఉపాధ్యాయుల గదిలో కూర్చుని హాజరు పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచాను. ఇద్దరి పేర్లు నాకు అప్పటిదాకా సరిగా తెలియవు. ఒకడు వచ్చి, హాజరులో రాసిన పేరు తనది కాదనీ, బడిలో వేసేటప్పుడు ఎవరో సార్ తప్పు రాశారనీ, ఇంట్లో తనను పిలిచేది వేరనీ చెప్పాడు. ఆ పేరును పెన్సిలుతో పక్కన రాసుకున్నాను.